కుక్క ఉన్న ఇంట్లో తొక్కు పెట్టే ముందు

ములుగు శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,
రాజేంద్రనగర్ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి,

సిద్దిపేట నుంచి రాస్తున్నాను.

ఇద్దరు పెద్దలకు కలిపి ఒకే ఉత్తరం రాయడం మర్యాద కాదేమో. విడివిడిగా రాస్తే మాత్రం ఇది కుక్కల సంగతి అని ఒకరు, తొక్కుల సంగతి అని ఇంకొకరు పక్కన పెట్టే వీలుంది. నేను అడగబోయేది ఆ రెండింటికీ నడుమ, మా వంటింటి గడప దగ్గర ఉంది. మీ రెండు విశ్వవిద్యాలయాలూ తెలంగాణ వచ్చిన ఏడాదే, 2014లో పుట్టాయి. ఒకటి మా జిల్లాలోనే ఉంది (ములుగు అనగానే మేడారం గుర్తుచేసుకునేవాళ్ళకు చెబుతున్నాను, ఇది గజ్వేల్ వైపు ములుగు). ఒకే ఏడు పుట్టిన ఇద్దరినీ ఒక్క కాగితం మీద సంతకం చేయమని అడగడమే ఈ ఉత్తరం పని.

సిద్దిపేటలో ఎండాకాలం ఇంటిపని ఎట్లా ఉంటుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. శివరాత్రి దాటగానే చింతపండు వస్తుంది. కొట్టి, గింజ తీసి, ఉప్పు చల్లి ముద్దలు చేసి పెట్టాలి. వెనకాలే యాసంగి ఉల్లిగడ్డ, ఎండుమిర్చి. మిద్దె మీద కుండీల్లో టమాటాలు ఒక్కసారిగా పండుతాయి. వాటిని కోసి ఉప్పు అద్ది ఒరుగులు చేస్తాం. కాకర, గోరుచిక్కుడు, వంకాయ కూడా అదే దారిన పోతాయి. సల్ల మిరపకాయలు, ఉల్లి వడియాలు. మే నెలలో తొక్కు మామిడికాయ. ఇదంతా మిరుగం లోపు జాడీల్లోకి, డబ్బాల్లోకి చేరాలి. తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి రాతలు చదివి మిద్దె మీదికి మట్టి మోసుకున్నవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు. మార్కెట్‌లో కొన్న కూరగాయ ఎండబెట్టకపోయినా నష్టం లేదు గానీ, మన చేత్తో పెంచింది పారబోయడానికి మనసొప్పదు.

ఇక కుక్క ఎందుకు వచ్చిందంటే, కోతుల వల్ల. తెలంగాణలో మిద్దె మీద ఏదైనా ఎండబెట్టిన ప్రతి ఇంటికీ ఈ బాధ తెలుసు. ప్రభుత్వం 2020లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతులకు పునరావాస కేంద్రమే తెరిచింది. అక్కడికి చేరని కోతులన్నీ మా పిట్టగోడల మీదే ఉన్నాయి. ఒరుగుల చేట పక్కన కుక్క పడుకుని ఉంటే కోతి రెండు ఇళ్ళవతలే ఆగి ఆలోచిస్తుంది. మా భీముడు కూడా ఆ కొలువు మీదే మా ఇంటికి వచ్చాడు. పిల్లలు కుక్క కావాలని అడిగారని బయట చెప్పుకుంటాం. నిజం ఇది.

అంటే మా ఊళ్ళో కుక్క పంటకు కావలి. ఆ కావలివాడికి ప్రాణం మీదికి తెచ్చే సరుకు కూడా ఆ చేటలోనే ఉంటుంది. పచ్చళ్ళ పుస్తకాలు ఉప్పు, నూనె, తడిలేని గరిటె దగ్గర ఆగిపోతాయి. కుక్కల పెంపకం పుస్తకాలు రేబిస్ టీకా, నట్టల మందు దగ్గర ఆగిపోతాయి. రెండూ ఒకే కప్పు కింద ఉన్న ఇల్లు ఏ పుస్తకంలోనూ లేదు.

పాత ఇళ్ళలో ఈ చిక్కు ఇంతగా లేదు. కుక్క వాకిట్లోనే ఉండేది. కుక్క మూతి పెట్టిన కుండ మైల పడిందని పారేసేవారు. అది మడి కోసం పెట్టుకున్న నియమమే అయినా, కుక్కను జాడీకి దూరంగా ఉంచింది. చింతపండు అటక మీద, పాలు పెరుగు ఉట్టి మీద, తొక్కు జాడీ చీకటి గదిలో గూట్లో. కొమురవెల్లి మల్లన్నను మరాఠీవాళ్ళు ఖండోబా అని కొలుస్తారు. ఆయన పటాల్లో గుర్రం పక్కనే కుక్క ఉంటుంది. దేవుడి వెంట తిరిగే కుక్కే అయినా మన వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు. ఇప్పుడు కుక్క సోఫా మీదికి, వంటగట్టు కింది అరలదాకా వచ్చేసింది. ఉట్టి పోయింది. మాడ్యులర్ వంటింట్లో జాడీలు నేలకు జానెడెత్తు సొరుగుల్లోకి దిగాయి. కుక్కను మళ్ళీ వాకిట్లోకి నెట్టమని నేను అనను. 43 డిగ్రీల ఎండలో ఆ మాట అనగలిగేవాళ్ళకు కుక్క అక్కర్లేదు.

ముందు ఉప్పు లెక్క చూడండి. కిలో మామిడి ముక్కలకు పావుకిలో ఉప్పు, అంతే కారం, అంతే నూనె వేసే ఇళ్ళున్నాయి. మొత్తం తూకంలో ఏడో వంతు ఉప్పే. కుక్క ఒంటి బరువులో కిలోకు 2 గ్రాముల ఉప్పు దాటితే వాంతులు, తూలడం, వణుకు మొదలవుతాయని పశువైద్యులు చెబుతారు. కిలోకు 4 గ్రాములైతే ప్రాణాంతకం. పది కిలోల కుక్కకు 20 గ్రాముల ఉప్పంటే 140 గ్రాముల తొక్కు. ఊరబెట్టిన ముక్కలను ఎండకు పెట్టిన పళ్ళెంలోంచి అంత తినడానికి దానికి ఎంతసేపు పడుతుంది? కారం ఘాటుకు దగ్గరికి రాదనుకుంటాం. నూనె వాసన కారాన్ని గెలుస్తుంది. ఇంకో ప్రమాదం మన వైద్యంలోనే ఉంది. కుక్క ఏదో తినకూడనిది తిన్నదనగానే కక్కించడానికి ఉప్పునీళ్ళు పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఉప్పు తిన్న కుక్కకు ఉప్పునీళ్ళు!

ఉల్లిగడ్డ, ఎల్లిపాయ సంగతి ఇంతకంటే మొండిది. వాటిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను చితకగొడతాయి. పచ్చి ఉల్లి అయితే కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాములు చాలు. పది కిలోల కుక్కకు 150 గ్రాములు, అంటే ఓ పెద్ద గడ్డ. ఉల్లిగడ్డలో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే కాబట్టి, ఎండిన ఉల్లి అయితే 15, 20 గ్రాములకే ఆ పని అయిపోతుంది. వండినా, వేయించినా, పొడి చేసినా గుణం పోదు. ఎల్లిపాయ ఉల్లికంటే కొన్ని రెట్లు గట్టిది. మన తొక్కులో అల్లం ఎల్లిపాయ ముద్ద లేకపోతే అది తెలంగాణ తొక్కే కాదు కదా. పైగా లక్షణాలు ఆ పూటే కనిపించవు. మూడు నాలుగు రోజులు పోయాక కుక్క నీరసపడుతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం టీ నీళ్ళ రంగులోకి మారుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్ళు వడియాల సంగతే మరచిపోయి, ఎండదెబ్బ తగిలిందని మజ్జిగ పట్టిస్తుంటారు.

మామిడి టెంక ముక్క, గింజ వలిచిన మక్క బెండు పేగులో అడ్డం పడతాయి. కుక్క బెండును నమలకుండానే మింగేస్తుంది. కోసి తీయడం తప్ప దారి ఉండదు. మా జిల్లాలో యాసంగి మక్కలు వలిచే రోజుల్లో వాకిలినిండా బెండ్లే.

అసలు మీ ఇద్దరినీ కలిపి పిలవాల్సి వచ్చింది చింతపండు వల్ల. ద్రాక్ష, కిస్మిస్ తిన్న కుక్కలకు మూత్రపిండాలు చెడిపోతాయని పాతికేళ్ళుగా తెలుసు. ఎందుకన్నది మాత్రం చాలాకాలం అంతుబట్టలేదు. 2021లో అమెరికాలోని జంతు విష సమాచార కేంద్రం వైద్యులు దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చునని ప్రతిపాదించారు. మరుసటి ఏడు, క్రీమ్ ఆఫ్ టార్టర్ తిన్న కుక్కలకూ చింతపండు తిన్న కుక్కలకూ అదే తీరున మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను ప్రచురించారు. ద్రాక్షపండులో ఆ ఆమ్లం రెండు శాతం లోపే. చింతపండు గుజ్జులో 8 నుంచి 18 శాతం.

ఈ మాట చదివిన తెలంగాణవాడు ఎవరైనా ముందు నవ్వుతాడు. మన కుక్కలు తరతరాలుగా పచ్చిపులుసు మెతుకులు, చారు అన్నం తిని బతికాయి. పులుసు కలిసిన ప్రతి ముద్దా విషమే అయితే ఊళ్ళలో కుక్కే మిగిలేది కాదు. నేనూ అదే అనుకుంటాను. చారులోకి పోయే చింతపండు కొద్దిగా, అదీ నీళ్ళలో విరిగి. ఎండాకాలంలో నడింట్లో చాప మీద గింజ తీసి ఆరబోసిన చింతపండు పది కిలోలు ఉంటుంది, తియ్యపులుపు వాసనతో. మెతుక్కు అంటిన పులుసుకూ చాప మీది ముద్దకూ నడుమ ఎక్కడో ఒక గీత ఉంది. పది కిలోల కుక్కకు ఆ గీత ఎన్ని గ్రాముల దగ్గర? కొత్త చింతపండుకూ ఏడాది నిలవున్న నల్ల చింతపండుకూ తేడా ఉందా? ఉప్పు కలిపిన ముద్దతో ప్రమాదం రెండింతలా? ఈ ప్రశ్నలు అమెరికా వైద్యుడికి అవసరం పడవు. అక్కడ చింతపండు ఎప్పుడో ఒకసారి కొనుక్కునే వస్తువు. చెట్టూ ఇక్కడే ఉంది, కుక్కా ఇక్కడే ఉంది. ఏ చింతపండులో ఎంత ఆమ్లం ఉందో కొలిచే ప్రయోగశాల ఒకరిది, మూత్రపిండాల రక్తపరీక్ష చేసే ఆస్పత్రి ఇంకొకరిది. జవాబు మీ ఇద్దరి నుంచి రావాలి.

కుక్కల కోసం ఇంత చదువా అని మీ సభల్లో ఎవరైనా అడిగితే, హైదరాబాద్ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కథ చెప్పండి. 1974లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లాల గిరిజన పల్లెల్లో కామెర్లు, పొట్ట ఉబ్బు వ్యాధి వ్యాపించింది. 397 మందికి సోకి, 106 మంది చనిపోయారు. పోషకాహార సంస్థ నుంచి కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి గారి బృందం వెళ్ళి చూస్తే, కాలంకాని వానలకు తడిసి బూజుపట్టిన మక్కలు తిన్న ఇళ్ళలోనే జబ్బు కనబడింది. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని తినేసింది. ఆ ఇళ్ళలో అదే తిండి పంచుకున్న కుక్కలకూ కామెర్లు వచ్చాయి, పొట్టలు ఉబ్బాయి, అవీ చనిపోయాయి. 1975లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన సంగతి ఇది.

ఒక్కసారి ఆలోచించండి. ఒకే గాదెలోంచి మనిషి, కుక్క తిన్నారు. పది కిలోల ఒంట్లో విషం ముందు బయటపడుతుందా, యాభై కిలోల ఒంట్లోనా? కుక్క అఫ్లటాక్సిన్‌కు చాలా త్వరగా లొంగిపోయే జంతువు. 2020 చివర్లో అమెరికాలో ఈ విషం చేరిన కుక్కల తిండి తిని వందకు పైగా కుక్కలు చనిపోయినట్టు అక్కడి ఆహార, ఔషధ సంస్థకు కబుర్లు అందాయి. నిలవ సరుకు చెడిందన్న సంగతి ఇంట్లో మొదట పట్టిచ్చేది కుక్కే కావచ్చు. ఇంటి కుక్కకు కామెర్లు వస్తే వైద్యుడు చూడాల్సింది కుక్కను ఒక్కదాన్నే కాదని, మక్కల బస్తాను, పల్లీల డబ్బాను కూడా అని మీ విద్యార్థులకు చెప్పే పాఠం ఒకటి కావాలి. మార్కెట్ యార్డులో మక్కలకు 14 శాతం తేమ అని మిషన్ పెట్టి చూస్తారు. ఇంటి డబ్బాలో పోసుకునే మక్కలకు, పల్లీలకు మిషన్ లేదు. పంటికింద పటుక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే ఇంకా ఎండాలి. బూజు కడిగినా, వేయించినా విషం పోదన్నది మాత్రం చాలామందికి చేరలేదు.

దీనికి తోడు మన పుణ్యం ఒకటుంది. బూజు పట్టిన తొక్కు, మెత్తబడ్డ ఒరుగులు, ముక్కిన పల్లీలు గోడవతల వీధికుక్కలకు వేస్తాం. తడి, పొడి, హానికర చెత్తను వేరుచేయడంలో పేరు తెచ్చుకున్న ఊరు మాది. ఆ క్రమశిక్షణ చెడిన తిండి దగ్గరికి రాగానే ఎందుకు సడలుతుందో నాకు అర్థం కాదు. పారేయడం పాపమనిపించి కుక్కకు పెడతాం. కుక్కకు పెట్టడం ఏమవుతుందో మరి.

తోట వైపు రెండు మాటలు. మిద్దెతోటల వాళ్ళం ఆముదపు చెక్క, ఎముకల పొడి కలిపి కుండీల్లో వేస్తాం. ఎముకల పొడి వాసనకు కుక్క మట్టి తవ్వి మరీ తింటుంది. ఆముదపు చెక్కలో రైసిన్ ఉంటుంది, అది నెత్తుటి విరేచనాలు పట్టించే విషం. వేపచెక్క వాడుకోమని ఉద్యానశాఖ వాళ్ళు ఒక్క వాక్యం చెబితే చాలు. ఇక రెండోది మనుషుల గురించి. కుక్క కుండీల నడుమ మల విసర్జన చేస్తే ఏలికపాముల గుడ్లు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. నేలకు ఆనిన వంకాయ, పాలకూర, కొత్తిమీర ధారగా పోసిన నీళ్ళలో కడగకుండా ఎండబెట్టకూడదు. కుక్కకు నట్టల మందు వేయించడం కూడా తొక్కు తయారీలో ఒక భాగమే అంటాను.

బియ్యంలో కలిపే బోరిక్ పొడి, బట్టల్లోంచి పప్పు డబ్బాల పక్కకు చేరే నాఫ్తలీన్ గోళీలు, ఎలుకల మందు గురించి ప్రత్యేకంగా రాయను. పేరు చెబితే చాలు, మీకు తెలుసు.

ఎండ సంగతి వేరు. ఒరుగులకు కావలసింది పది నుంచి నాలుగు దాకా మండే ఎండ. సరిగ్గా ఆ వేళలోనే కుక్క మిద్దె మీద ఉండకూడదు. కుక్కకు అరికాళ్ళలో తప్ప ఒంటికి చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని చల్లదనం. సిమెంటు కాలితే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. కావలి అవసరమైన వేళ, కావలివాడికి ప్రాణగండమైన వేళ ఒకటే. కాబట్టి పొద్దున తొమ్మిదింటికే భీముడు కిందికి వచ్చేస్తాడు, కోతులకు వల అడ్డం పడుతుంది. ఇనుప జాలీ మూతతో చిన్న సౌర డ్రయ్యర్ ఉంటే కోతి, కుక్క, దుమ్ము, కుక్క వెంట్రుకలు నాలుగూ ఒక్కసారే ఆగుతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి కొనుక్కునే ధరలో, సిద్దిపేట వడ్రంగి చేసిపెట్టగలిగే నమూనా ములుగు నుంచి వస్తే, ఒరుగుల నాణ్యత కూడా పెరుగుతుంది.

ఇన్ని వద్దులు చెప్పాక కుక్కకు ఇచ్చేదేమిటో కూడా చెప్పాలి కదా. కళ్ళంలో వడ్లు కొలిచే రోజున చాకలికి, మంగలికి, అడుక్కునేవాడికి, పిట్టలకు వాటా తీసిన నేల ఇది. ఎండాకాలపు నిలవల్లో కుక్క వాటా కూడా ఉప్పు పడకముందే తీసి పెట్టొచ్చు. గుమ్మడి, కందగడ్డ పలచగా కోసి, ఉడకబెట్టి, ఏమీ కలపకుండా ఎండబెడితే వానాకాలమంతా దానికి నమలడానికి సరిపోతుంది. మా ఇంట్లో ఆ చేట వేరు, డబ్బా వేరు. ఎవరెవరు ఏయే డబ్బా తెరవాలో పిల్లలకు చెప్పాం. భీముడికి కూడా చెప్పాం గానీ, వాడు ఒప్పుకున్నట్టు లేదు.

నేను అడిగేది పుస్తకం కాదు, ఒక పేజీ. రెండు విశ్వవిద్యాలయాల పేర్లూ పైన, మధ్యలో మన మాటల్లో: తొక్కు, ఒరుగు, చింతపండు, ఎల్లిపాయ, టెంక, బెండు. దేనికి కుక్క ఎంత తింటే ప్రమాదం, ఏ లక్షణం ఎన్నాళ్ళకు కనిపిస్తుంది, ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు. ఉప్పునీళ్ళు పోయొద్దు అన్న మాట పెద్ద అక్షరాల్లో. అడుగున, పశువుల సంచార వైద్యానికి రాష్ట్రం పెట్టిన 1962 నంబరు. దాంతోపాటు, అటు ఫోనెత్తే మనిషి చేతిలో కూడా ఇదే పేజీ. చింతపండు దగ్గర ఈ ఏటికి జాగ్రత్త మాత్రమే రాయండి, గ్రాముల లెక్క మీ పరీక్షలు అయ్యాక వచ్చే ఏడు అచ్చులో చేర్చండి.

ఈ పేజీ గ్రంథాలయంలో ఉండి లాభం లేదు. రైతుబజార్లో తొక్కు మామిడికాయలు కొట్టిచ్చేవాళ్ళ పక్కన, పిండిగిర్నీల దగ్గర, మిర్చి పట్టించే చోట, పశువైద్యశాల వరండాలో అంటించాలి. మామిడికాయ ముక్కలయ్యేదాకా ఆడవాళ్ళు, మగవాళ్ళు అక్కడ నిలబడే ఉంటారు, చదవడానికి వేరే పని ఉండదు. శివరాత్రికి ముందు అచ్చయితే మంచిది, అది దాటగానే చింతపండు అంగళ్ళలోకి దిగుతుంది. సిద్దిపేట వరకు అంటించే పని మా మిద్దెతోటల వాళ్ళం చూసుకుంటాం. మైదాపిండి జిగురు కూడా మాదే.

భవదీయుడు,
సిద్దిపేట మిద్దెతోటదారు ఒకడు